కడలి చిట్టాలో ఎన్ని పద్దులో!

2023 జులై. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని పాత మేఘవరం తీరానికి ఓ భారీ కళేబరం కొట్టుకొచ్చింది. పొడవు సుమారు పాతిక అడుగులు. నీలి తిమింగలమన్నారు. విషయం తెలిసి చుట్టుపక్కల ఊళ్ల జనం తరలివచ్చారు. సెల్‌ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. మర్నాడు పేపర్లలో బొమ్మ పడింది. ఆ తర్వాత ఇంకో వార్త వచ్చింది. తిమింగలం సంగతి అక్కడితో సరి!

అదే సంగతి ఓ సముద్రశాస్త్ర పత్రికకు చేరితే మాత్రం కథ అక్కడే మొదలవుతుంది. అది ఆడదా, మగదా? ముట్టెకొస నుంచి తోక చీలిక దాకా ఎంత పొడవు? గొంతు కింద మడతలు ఎన్ని? తలమీద గట్టులాంటి గీత ఒకటుందా, మూడున్నాయా? మూడుంటే అది నీలి తిమింగలం కాదు, బ్రైడ్స్ తిమింగలం. ఒకటే ఉండి నీలి తిమింగలమే అయితే మరో ముచ్చట. ఆ జాతి పిల్ల పుట్టేటప్పటికే ఇరవై మూడడుగులకు తక్కువ ఉండదు. పాతిక అడుగులంటే కళ్లు తెరిచి ఎన్నో రోజులు కాని పసిగుడ్డన్నమాట. మరి తల్లేదీ? మన తీరానికి దగ్గర్లోనే కనిందా?

చూశారుగా... వార్తకు పొడవు చాలు. శాస్త్రానికి గీతలూ, మడతలూ కూడా కావాలి. ఆ వివరాలన్నిటినీ ఓ పేజీలో కుదించి రాస్తే దాన్ని 'షార్ట్ నోట్' అంటారు. చేపలూ సముద్రాల మీద వచ్చే శాస్త్ర పత్రికల్లో అచ్చయ్యే రకరకాల రచనల్లో అన్నిటికన్నా చిన్నది అదే.

మరి మిగతావి? కిరాణాకొట్టు చిట్టాలో జమ వేరు, ఖర్చు వేరు, అరువు వేరు. సముద్రం చిట్టా కూడా అంతే. ఒక్కో పద్దుకు ఒక్కో పద్ధతి. వాటిలో ఏది ఏంటో తెలిస్తే 'శాస్త్రవేత్తలు తేల్చేశారు' అని పేపర్లో చదివినప్పుడు ఆ మాటకి ఎంత బరువివ్వాలో కూడా తెలుస్తుంది. పైగా, ఈ చిట్టాలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల బతుకు ఉంది. చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క ప్రకారం శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు, విజయనగరానిది 28 కిలోమీటర్లు. వేటకి ఎప్పుడు వెళ్లాలో, ఏ వల వెయ్యాలో, ఎన్నాళ్లు ఒడ్డున కూర్చోవాలో నిర్ణయించే కాగితాలకు మూలం ఆ పత్రికల్లోనే ఉంటుంది.

ఎవరు రాస్తారు... ఎక్కడ వేస్తారు?

మనదేశంలో సముద్ర చేపల మీద పరిశోధనకు పెద్దదిక్కు కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ. 1947 ఫిబ్రవరిలో మొదలైంది. ఇప్పుడు కేంద్ర కార్యాలయం కొచ్చిలో ఉంది. విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. 'ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిషరీస్' 1954లో మొదలైంది. భారత సముద్ర జీవశాస్త్ర సంఘం పత్రిక 1959 నుంచి వస్తోంది. వలలు, పడవలు, చేపల నిల్వ, శుద్ధి లాంటి అంశాలకు 'ఫిషరీ టెక్నాలజీ' 1964లో పుట్టింది. రేవుల్లో కనిపించిన వింతలూ విశేషాలూ క్లుప్తంగా చెప్పే 'మెరైన్ ఫిషరీస్ ఇన్ఫర్మేషన్ సర్వీస్' 1978లో మొదలైంది.

వీటికి రాసి పంపగానే అచ్చెయ్యరు. అదే రంగంలోని మరో ఇద్దరు ముగ్గురికి పంపి తప్పులు పట్టమంటారు. ఇది ఎలా చెప్పావు, దానికి లెక్కేదీ, ఫలానా సంగతి చూశావా... అని వాళ్లు గుచ్చిగుచ్చి అడుగుతారు. జవాబు చెప్పగలిగితేనే అచ్చు. లేదంటే వెనక్కే! ఈ గండం దాటడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది పైనే.

పేరు పెట్టే పద్దు

చిట్టాలో మొదటి పద్దు బారసాల లాంటిది. కొత్త జాతి దొరికితే దానికి పేరు పెట్టి, ఒళ్లంతా వర్ణించి, ఏ జాతితో ఎక్కడ తేడా ఉందో చెప్పి, నమూనాను ఏ మ్యూజియంలో దాచారో రాస్తారు. అక్కణ్నుంచి ప్రపంచమంతా ఆ చేపని ఆ పేరుతోనే పిలుస్తుంది.

ఈ విషయంలో ఉత్తరాంధ్రకు ఓ ఘనమైన చరిత్ర ఉంది. 1780ల్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉన్నాడు. పాముల మీద పరిశోధన చేసింది ఆయనే. రక్తపింజరికి ఇంగ్లిష్‌లో 'రస్సెల్స్ వైపర్' అన్న పేరు ఆయన వల్లే వచ్చింది. పాములతోపాటు చేపల్నీ పట్టించుకున్నాడు. విశాఖ తీరంలో సేకరించిన రెండొందల చేపల బొమ్మలూ వర్ణనలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు వేశాడు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా లేదు, విజయనగరం జిల్లా లేదు. మొదటిది 1950లో, రెండోది 1979లో ఏర్పడ్డాయి. తీరం మాత్రం అదే తీరం, చేపలు అవే చేపలు.

రస్సెల్ చేసిన మంచిపని ఏంటంటే... ఒక్కో చేపనీ ఇక్కడి జాలర్లు ఏమని పిలుస్తారో అడిగి, చెవికి వినపడినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఐరోపా శాస్త్రవేత్తల చేతిలో పడింది. ఫ్రాన్స్‌కు చెందిన కువియే 1816లో ఓ చేపకు శాస్త్రీయ నామం పెడుతూ రస్సెల్ రాసుకున్న మాటనే వాడేశాడు. అదే 'కానగుర్త'! ఈనాటికీ దాని శాస్త్రీయ నామం 'రాస్ట్రెలిగర్ కానగుర్త'. జపాన్‌లో రాసినా, ఆఫ్రికాలో రాసినా అదే పేరు. భావనపాడు రేవులో గంపకెత్తుకుని అమ్మే చేప పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాలన్నిటిలో తెలుగులోనే ఉందన్నమాట.

అదొక్కటే కాదు. 'ఎరెగూడూ టెంకి' అని రస్సెల్ రాసుకున్న ఓ చిన్న దెయ్యపు టేకు చేప ఇప్పటికీ 'మొబులా ఎరెగూడూ' పేరుతోనే ఉంది. ముట్టుకుంటే కరెంటు కొట్టే ఓ రకం టేకుకు 'టెమెరా' అని ప్రజాతి నామం పెట్టారు. దానికి మూలం రస్సెల్ పుస్తకంలోని 'టెమెరీ'. ముట్టుకుంటే తిమ్మిరి ఎక్కించే చేపకు జాలర్లు 'తిమిరి' అని చెప్పి ఉంటారు, దొరగారికి అలా వినపడింది కాబోలు!

కొలతల పద్దు

పత్రికల్లో సింహభాగం ఆక్రమించేది పూర్తిస్థాయి పరిశోధన పత్రం. దాని నడక ఎక్కడైనా ఒకటే. ఏం తెలుసుకోవాలనుకున్నారు, ఎలా చేశారు, ఏం తేలింది, తేలినదానికి అర్థమేంటి... ఈ నాలుగు మెట్లూ వరసగా ఉండాలి. 'ఎలా చేశారు' అన్నది ఎంత వివరంగా ఉండాలంటే, అది చదివి మరొకరు అదే పని మళ్లీ చెయ్యగలగాలి.

ఉదాహరణకు కానగుర్త ఎంత పెరిగాక గుడ్లు పెడుతుందో తెలియాలి. ఒక్క చేపని కోసి చూస్తే లాభం లేదు. ఏడాది పొడవునా నెలనెలా రేవుకు వెళ్లి వందల చేపలు తేవాలి. పొడవు కొలవాలి, తూకం వెయ్యాలి, పొట్ట కోసి ఏం తిన్నదో చూడాలి, గుడ్లు ఏ దశలో ఉన్నాయో రాయాలి. కొన్నిటి చెవి లోపలి చిన్న రాయిని తీసి, అరగదీసి, సూక్ష్మదర్శినిలో వలయాలు లెక్కపెట్టాలి. చెట్టు మొద్దులో వలయాలు వయసు చెప్పినట్టే ఈ రాయి చేప వయసు చెబుతుంది. ఇంత చేస్తే చివరికి మిగిలేది ఒక వాక్యం... 'ఇన్ని సెంటీమీటర్లు దాటితేనే సగం చేపలు గుడ్లకు వస్తున్నాయి' అని.

ఒక్క వాక్యమే కదా అనుకోకండి. అలాంటి వాక్యాల ఆధారంగానే కేరళ 2015 నుంచి కొన్ని చేపలకు కనీస పొడవు నిర్ణయించింది. కానగుర్త 14 సెంటీమీటర్లు, నూనె కవ్వ 10 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్నవాటిని పడితే జరిమానా! ఓసారైనా గుడ్లు పెట్టకుండా చేప చచ్చిపోతే రేపటి వల ఖాళీగా వస్తుందన్నది అందులోని సూత్రం.

పరిశోధన పత్రాలన్నీ చేపల మీదే ఉండవు. నీళ్ల మీద, గాలి మీద కూడా ఉంటాయి. 1950ల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేశారు. అక్కడి జంతుశాస్త్ర ఆచార్యులు పి.ఎన్.గణపతి అప్పటికే సముద్ర జీవుల అధ్యయనంలో ఉన్నారు. విశ్వవిద్యాలయం 1954లో వెలువరించిన సముద్రశాస్త్ర సంపుటంలో లాఫాండ్ తూర్పుతీరంలో నీళ్లు పైకి ఉబికి రావడం గురించి రాశారు. విషయమేంటంటే, ఎండాకాలం మొదట్లో గాలులు నైరుతి నుంచి తీరం వెంబడి వీస్తాయి. ఆ గాలికీ, భూమి తిరగడానికీ కలిపి పైనున్న నీళ్లు తీరానికి దూరంగా జరుగుతాయి. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లటి నీళ్లు ఎగదన్నుకొస్తాయి. అడుగున పేరుకున్న పోషకాలూ వాటితోపాటే వస్తాయి. వాటిని తిని కంటికి కనపడని నాచు పెరుగుతుంది, నాచును తిని సూక్ష్మజీవులు, వాటికోసం కవ్వళ్లు, నెత్తళ్లు, వాటి వెనక పెద్ద చేపలు.

వేసవిలో నీళ్లు చల్లబడితే చేప పడుతుందని వేటకెళ్లేవాళ్లకి ఒంటికి తెలుసు. ఎందుకు పడుతుందో చెప్పింది థర్మామీటరు. రెండూ కలిస్తేనే చిట్టా నిండుతుంది.

నిల్వ లెక్క

నాలుగో రకం పత్రాలు ఇంకాస్త కష్టమైనవి. సముద్రంలో చేప ఎంత ఉంది? ఎంత పడితే తరగదు? బ్యాంకులో అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే తినడం లాంటి లెక్క ఇది. కాకపోతే ఈ బ్యాంకులో అసలెంతో ఎవరూ చూడలేదు!

అందుకే రేవుల మీద ఆధారపడతారు. సంస్థ సిబ్బంది కొన్ని రేవుల్ని, కొన్ని రోజుల్ని ఎంపిక చేసుకుంటారు. వచ్చిన పడవల్లో కొన్నిటి వేటను రకాలవారీగా రాసుకుంటారు. దాన్నిబట్టి మొత్తం తీరం లెక్క కడతారు. ఇడ్లీ ఉడికిందో లేదో ఒకటి నొక్కి చూసినట్టే. 2022 సంవత్సరానికి దేశంలోని వివిధ ప్రాంతాల్లో 135 రకాల చేప నిల్వల్ని అంచనా వేసి, 91.1 శాతం ఆరోగ్యంగా ఉన్నాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చెప్పింది.

ఇది మంచి కబురే. కానీ అది మొత్తం ప్రాంతం మీద తేల్చిన లెక్క. ఫైబర్ బోటు మీద తెల్లారుజామున వెళ్లి పెట్రోలు ఖర్చులు కూడా రాక వెనక్కొచ్చిన మనిషికి అది అబద్ధంలా అనిపించవచ్చు. తీరం దగ్గర చేప తగ్గి, దూరాన ఉన్నా లెక్కలో సగటు బాగానే కనిపిస్తుంది మరి. ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు!

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో కెనడా చెబుతుంది. న్యూఫౌండ్లాండ్ తీరంలో ఐదొందల ఏళ్లుగా కాడ్ చేపే బతుకు. 1980ల్లో చిన్న పడవల జాలర్లు 'చేప తగ్గింది, సైజూ తగ్గింది' అని మొత్తుకున్నారు. శాస్త్రవేత్తల అంచనాలేమో పెద్ద ట్రాలర్ల వేట మీద చాలావరకు ఆధారపడ్డాయి. ట్రాలర్లకు యంత్రాలుంటాయి. మిగిలిన గుంపులు ఎక్కడున్నా వెతికి పట్టేస్తాయి. అందుకే సముద్రం ఖాళీ అవుతున్నా వాటి వేట తగ్గినట్టు కనపడలేదు. చివరికి 1992 జులై 2న ప్రభుత్వం కాడ్ వేటను ఆపేసింది. సుమారు 30 వేలమందికి పనిపోయింది. ఒకటి రెండేళ్లనుకున్న నిషేధం 2024 దాకా సాగింది!

లెక్క తప్పని కాదు, లెక్కలోకి అందరి మాటా రాలేదు. అదీ జరిగింది. ఆ తర్వాత చేపల శాస్త్ర పత్రికల్లో జాలర్ల అనుభవజ్ఞానం మీద వచ్చే పత్రాలకు విలువ పెరిగింది.

వలల పద్దు

కొన్ని పత్రాలు అచ్చంగా పనిముట్ల గురించి. వల కన్ను ఎంత ఉంటే పిల్లచేప తప్పించుకుంటుంది, ఏ తాడు ఎన్నాళ్లు మన్నుతుంది, పట్టిన చేపని ఐసులో ఎలా పేరిస్తే మెత్తబడదు... ఇలాంటివి.

మన తీరానికి బాగా పనికొచ్చే ఉదాహరణ తాబేళ్లది. శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి శ్రీకాకుళం తీరానికి వస్తాయి. పక్కనే ఒడిశాలోని రుషికుల్య దగ్గరైతే లక్షల్లో చేరతాయి. అవి గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. ట్రాల్ వలలో చిక్కితే ఊపిరాడక చనిపోతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చే కళేబరాల్లో చాలావాటి కథ అదే. దీనికి విరుగుడుగా వల మెడ దగ్గర ఇనుప చట్రం, దానిపైన తలుపులాంటి కన్నం పెట్టారు. రొయ్య చువ్వల మధ్యనుంచి లోపలికి పోతుంది, తాబేలు చట్రానికి తగిలి కన్నంలోంచి బయటికి పోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దీన్ని తయారుచేసింది.

దీని మీద పత్రం రాసేటప్పుడు 'తాబేలు బయటపడింది' అంటే చాలదు. రొయ్య ఎంత నష్టపోయిందో కూడా చెప్పాలి. ఎందుకంటే బోటు యజమాని అడిగే మొదటి ప్రశ్న అదే. వలకు ఆ తలుపు పెట్టకపోతే వచ్చే నష్టం ఏంటో 2019లో తెలిసొచ్చింది. తాబేళ్ల రక్షణ చాలడంలేదంటూ మనదేశపు సముద్ర రొయ్యల్ని అమెరికా వద్దనేసింది.

మనుషుల పద్దు

చేపల పత్రికలో మనుషుల గురించి రాస్తారా? రాస్తారు. పడవకు ఎంత అప్పు, వేలంలో ఎవరి చేతికి ఎంత, ఎండుచేపలు అమ్మే ఆడవాళ్లకు మిగిలేదెంత, ఊరొదిలి ఎందుకు పోతున్నారు... ఇవన్నీ సామాజిక, ఆర్థిక పత్రాల కిందికి వస్తాయి.

ఉత్తరాంధ్ర జాలర్లు వందల కిలోమీటర్లు దాటి గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలసపోతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్థాన్‌కు చిక్కారు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2025లో వచ్చిన 'తండేల్' సినిమాకు ప్రేరణ వాళ్ల కథే. సినిమా కన్నీళ్లు పెట్టించింది. పరిశోధన పత్రం ఆ కన్నీళ్ల వెనక ఉన్న ప్రశ్న అడుగుతుంది. ఇంత పొడవైన తీరం ఇంటిముందే ఉండగా అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చింది?

వేట నిషేధం కూడా ఈ పద్దులోకే వస్తుంది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యాంత్రిక పడవలు వేటకు వెళ్లకూడదు. 2015కి ముందు అది 47 రోజులే. ఆ రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. ఇరవై వేల రూపాయల చొప్పున ఇచ్చే పథకాన్ని 2025 ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలోనే ప్రారంభించారు. నిజానికి చేపలన్నీ ఒకే నెలలో గుడ్లు పెట్టవు. ఒక్కో రకానిది ఒక్కో కాలం. మరి ఈ 61 రోజుల వల్ల దేనికి మేలు, ఎంత మేలు, ఆ మేలు ఎవరి వలలో పడింది? జీవశాస్త్ర పత్రం ఒక్కటే దీనికి జవాబు చెప్పలేదు. ఇంటి ఖర్చులు లెక్కేసిన పత్రం కూడా పక్కన ఉండాలి.

సమీక్షలూ, సవరణలూ

పదిమంది పది రకాలుగా చెప్పినప్పుడు పెద్దమనిషి ఒకాయన కూర్చుని అందరి మాటా విని సారం చెబుతాడే, అలాంటిది సమీక్షా వ్యాసం. కొత్త పరిశోధనేం ఉండదు. అప్పటిదాకా వచ్చిన పత్రాలన్నీ చదివి, ఎక్కడ ఏకాభిప్రాయం ఉందో, ఎక్కడ తగువుందో చెబుతుంది. కొత్తగా ఏదైనా తెలుసుకోవాలనుకునే విద్యార్థి ముందు చదవాల్సింది ఇదే.

సవరణలు కూడా చిట్టాలో భాగమే. ఇందాకటి 'ఎరెగూడూ' సంగతే చూడండి. ఇది వేరే జాతి కాదంటూ 2010ల చివర్లో ఓ పత్రం దాన్ని మరో టేకులో కలిపేసింది. తెలుగు పేరు పోయిందనుకున్నారు. కాదు, ఇది వేరేనంటూ 2020లో అచ్చయిన మరో పత్రం ఆధారాలతో దాని పేరు దానికి తిరిగి ఇప్పించింది. తప్పు ఒప్పుకోవడం శాస్త్రానికి అవమానం కాదు. అది దాని రోజువారీ పని.

అందుకే పేపర్లో 'శాస్త్రవేత్తలు తేల్చారు' అని చదివినప్పుడు ఓ ప్రశ్న వేసుకోవచ్చు. అది ఒక్క నమూనా చూసి రాసిన నోటా? ఏడాది కొలతలున్న పత్రమా? వందల పత్రాల సమీక్షా? మూడింటి బరువూ ఒకటి కాదు.

చిన్న నోటు... పెద్ద కథ

బరువు తక్కువని చిన్న నోటును తీసిపారేస్తే పొరపాటే. 1938 డిసెంబరు 22న దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో ఓ ట్రాలర్ ఆగింది. వింతచేప ఏదన్నా పడితే చెప్పమని ఊళ్లోని చిన్న మ్యూజియం అధికారిణి మార్జరీ లాటిమర్ అడిగి ఉంచింది. కబురందగానే వెళ్లింది. చేపల కుప్ప కింద నీలంరంగులో, ఐదడుగుల చేప. పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. బొమ్మ గీసి జె.ఎల్.బి.స్మిత్ అనే చేపల నిపుణుడికి పంపింది. సెలవుల్లో ఉన్న ఆయనకు ఉత్తరం ఆలస్యంగా అందింది. ఈలోగా చేప కుళ్లింది. లోపలి భాగాలు పారేయక తప్పలేదు. చర్మం మాత్రం మిగిలింది.

ఆయన 1939 మార్చిలో 'నేచర్' పత్రికలో దాని గురించి క్లుప్తంగా రాశాడు. ప్రపంచం నివ్వెరపోయింది. అది సీలకాంత్. డైనోసార్లతోపాటే ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట అంతరించిందనుకున్న చేప!

లోపలి భాగాలు చూడాలంటే మరొకటి దొరకాలి. స్మిత్ ఏం చేశాడో తెలుసా? చేప బొమ్మ వేసి, వంద పౌండ్ల బహుమతి ప్రకటిస్తూ కరపత్రాలు అచ్చువేయించాడు. ఇంగ్లిష్‌లో మాత్రమే కాదు, ఆఫ్రికా తూర్పుతీరంలో చెలామణీలో ఉన్న ఫ్రెంచి, పోర్చుగీసు భాషల్లో కూడా. రేవురేవునా పంచాడు. పద్నాలుగేళ్లకు, 1952 డిసెంబరులో, కొమొరోస్ దీవుల్లో రెండోది దొరికింది. దాన్ని పట్టింది ఓ జాలరే!

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. శాస్త్రం రేవు దాకా నడిచివెళ్లి, రేవు భాషలో అడిగింది కాబట్టే జవాబు దొరికింది. రెండొందల ఏళ్ల కిందట రస్సెల్ చేసిందీ అదే. మన పత్రికల చిట్టాలో ఉన్న చేపల్లో ప్రతిదీ ముందు ఏదో ఒక జాలరి వలలో పడ్డదే. ఆ లెక్కలన్నీ ఇంగ్లిష్‌లో భద్రంగా ఉన్నాయి. లెక్కకు చేపనిచ్చిన మనిషికి మాత్రం నిషేధం తేదీలూ, జరిమానా కాగితమూ అందినంత తేలిగ్గా 'ఎందుకు' అన్నది అందదు. శ్రీకాకుళం తీరం మీద వచ్చే ప్రతి పత్రానికీ ఒక్క పేజీ తెలుగు సారాంశం ఉంటే, దాన్ని రేవు దగ్గర నోటీసుబోర్డు మీద అంటిస్తే ఖర్చెంత? కానగుర్త అన్న మాటను శాస్త్రానికి అరువిచ్చిన భాషకు ఆపాటి బాకీ తీర్చడం కష్టమేమీ కాదు.

ఈలోగా ఒడ్డున ఉన్నవాళ్లు చెయ్యగలిగిందీ ఉంది. ఎప్పుడూ చూడని చేప వలలో పడినా, తిమింగలమో తాబేలో ఒడ్డుకొచ్చినా ఫొటో తీసేటప్పుడు పక్కన ఓ స్కేలో, చెప్పో, తెడ్డో పెట్టండి. తల, తోక, పొట్ట విడివిడిగా తియ్యండి. తేదీ, ఊరు, ఎంత లోతులో ఏ వలకు పడిందో రాసుకోండి. తిమింగలాలు, తిమింగల సొరలు, తాబేళ్లు చట్టం కాపాడే జీవులు కాబట్టి ప్రాణంతో ఉంటే వదిలెయ్యండి, అటవీశాఖకు చెప్పండి. చేపైతే మత్స్యశాఖ వాళ్లకో, విశాఖలోని పరిశోధన కేంద్రానికో కబురు చెయ్యండి.

పిల్లలకు ఇది సెలవుల్లో మంచి ఆట. ఓ నోటుపుస్తకం కొనిచ్చి, ఇంటికి తెచ్చిన చేప పేరు, పొడవు, తేదీ రాయమనండి. పేరు మాత్రం అమ్మే అమ్మనే అడగమనండి. రస్సెల్ మొదలెట్టింది అక్కణ్నుంచే!